మసి నెరిసింది

మా ఇంట్లో తెల్ల వెంట్రుక కనిపిస్తే దొంగ దొరికినంత హడావుడి. మాది శవాల బండి నడిపే ఇల్లు. తాత మొదలుపెట్టాడు, నాన్న నిలబెట్టాడు, అన్నయ్య బేరాలు చూస్తాడు, నేను బండి తోలతాను. బండి నలుపు, అద్దాల వెనక తెరలు నలుపు, తోలు పట్టీలు నలుపు, మా కోట్లు నలుపు. అన్నిటికన్నా ముఖ్యంగా గుర్రాలు నలుపు. గుమ్మం మీది బోర్డులో ‘అచ్చ నల్ల గుర్రాలు’ అన్న మాటలు మా ఇంటిపేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఉంటాయి. చచ్చినవాళ్ళ కోసం ఇంత సింగారం చేసే ఇంట్లో బతికున్నవాళ్ళు జుట్టు నెరవనిస్తారా?

నాకు ఇరవై దాటీ దాటకముందే నెరిసింది. అమ్మ వైపు అందరికీ అంతే. అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని, రంగు గిన్నె పట్టుకుని ఇల్లంతా నా వెంట పడింది. నేను వేసుకోలేదు. “బండిలో ఉన్నాయన లేచి కూర్చుని నా జుట్టు చూస్తాడా ఏమిటి?” అన్నాను. అప్పటి నుంచి అన్నయ్య నన్ను ముసలమ్మా అని పిలుస్తాడు. నాకన్నా అయిదేళ్ళు పెద్దవాడు, అద్దం ముందు నాకన్నా అరగంట ఎక్కువ కూర్చుంటాడు. పిలిచినప్పుడల్లా నేనూ “ఏం బాబూ” అని పలుకుతాను.

మా గుర్రాల సాలకు పెద్ద దిక్కు మహారాణి. నాన్న దాన్ని ఏడాది పిల్లగా కొని తెచ్చాడు. ఊళ్ళో అంత నల్లటి ఆడగుర్రం లేదని ఆయన నమ్మకం, ఊరి నమ్మకం కూడా. దాన్ని నాన్న తప్ప ఎవరూ తోమకూడదు. ఎండలో కట్టకూడదు. వానలో ముసుగు వేయకుండా బయటికి తీయకూడదు. ఆదివారం మధ్యాహ్నం నాన్న సాల తలుపు లోపల గడియ పెట్టుకుని దానికి మాలీషు చేస్తాడు. ఆ టైములో తలుపు తట్టినవాళ్ళకు తిట్లే. కట్టుకున్న పెళ్ళాన్ని కూడా ఇంత బాగా చూసుకోలేదని అమ్మ అనేది. అనేటప్పుడు ఎందుకో నవ్వేది కాదు.

మహారాణికి రెండు పిల్లలు. దాన్ని రెండుసార్లూ ఊరి చివర గుర్రాలు పెంచే గుర్రాలావిడ దగ్గరున్న నల్ల మగగుర్రంతోనే దాటించారు. మొదటి పిల్ల ఎలుక రంగులో, పాలిపోయి పుట్టింది. నాన్న దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. పాలు మరవగానే అన్నయ్య దాన్ని కూరగాయల బండివాడికి ఇచ్చేశాడు. రెండోది పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తడిగడ్డిలో కాటుక ముద్దలా నిగనిగలాడుతూ పడింది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని దాని చెవులు తుడుస్తూ, “ఇదే నా మహారాణి వారసురాలు” అన్నాడు. దానికి మసి అని పేరు పెట్టాం.

మసిని పెంచింది నేను. కళ్ళెం అలవాటు చేసింది నేను. శవాల బండికి కట్టే గుర్రానికి పరుగు కాదు, ఆగడం రావాలి. ఎవరైనా గుండెలు బాదుకుని ఏడుస్తూ మీద పడ్డా కదలకూడదు. నేను దాని ముందు తట్టలు దొర్లించి, గొడుగులు విప్పి, ఏడ్చి, కేకలు పెట్టి నేర్పాను. పక్కింటివాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. మసి మాత్రం, ఈవిడకు ఈ పూట ఇదేదో జబ్బులే అన్నట్టు చెవి కదిపి గడ్డి నమిలేది.

ఏడాది తిరక్కుండానే దాని కళ్ళ చుట్టూ తెల్ల వెంట్రుకలు వచ్చాయి, కళ్ళజోడు పెట్టినట్టు. అన్నయ్య చిమటా తీసుకుని పీకాడు. ఒకటి పీకితే పక్కన నాలుగు వచ్చాయి. రెండో ఏడు మొహమంతా, మూడో ఏటికి మెడా, డొక్కలూ ఇనుప రంగుకు తిరిగాయి. రంగు వేసి చూశారు. సాయంత్రానికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, కళ్ళు మూసుకుపోయి, మూడు రోజులు దాణా ముట్టలేదు. దాని చర్మానికి ఆ మందు పడదని డాక్టరు తేల్చేశాడు. నాకు లోపల ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇంట్లో నాకు ఒక తోడు దొరికింది.

కానీ మహారాణికి జతగా కట్టే ముసలి గుర్రం కాలు ఈడుస్తోంది. దాని చోట మసి రావాలి. నెరిసిన మసి రాకూడదు. అన్నం తింటుండగా అన్నయ్య చల్లగా చెప్పాడు.

“ఇటుకల బట్టీ ఆయనతో మాట్లాడేశాను. సోమవారం వచ్చి మసిని తోలుకుపోతాడు.”

నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. ఆ బట్టీకి వెళ్ళిన గుర్రం మళ్ళీ ఏ రోడ్డు మీదా కనబడలేదు. రెండేళ్ళు ఇటుకలు లాగుతుంది, తర్వాత దాని గురించి ఎవరూ అడగరు.

“అది బాగా పని చేస్తుంది కదరా” అన్నాను.

“పని కాదే ముసలమ్మా, రంగు. అంతా ఆ గుర్రాలావిడ దగా. తన మగగుర్రం నల్లదని చెప్పి ఏదో కల్తీ సరుకు అంటగట్టింది. రేపు వెళ్ళి ఆవిణ్ణి కడిగేస్తాను.”

“నువ్వు వెళ్ళొద్దు” అన్నాడు నాన్న. ఆ మాట చాలా గబుక్కున వచ్చింది. “జరిగిందేదో జరిగింది. ఆవిడ జోలికి ఎవరూ పోవద్దు.”

మా నాన్న చిల్లర తక్కువిచ్చిన కొట్టువాడిని కూడా వదలడు. అలాంటివాడు ఇంత పెద్ద దగాను ఎందుకు వదిలేస్తున్నాడు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అనిపించింది. మర్నాడు నేనే వెళ్ళాను.

గుర్రాలావిడ దొడ్లో నీళ్ళ తొట్టి కడుగుతోంది. నేను వచ్చిన పని చెప్పగానే కోప్పడలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని మగగుర్రం దగ్గరికి తీసుకెళ్ళింది. అది ముసలిది, వెన్ను కుంగింది, కింది పెదవి వేలాడుతోంది. ఒళ్ళు మాత్రం తారు డబ్బా.

“వీడికి ఇరవై ఏళ్ళు దాటాయమ్మా. నెరవాలంటే ఈపాటికి పాలలా అయిపోయుండేవాడు. చూసుకో, నిదానంగా చూసుకో.”

నేను చూశాను. బొచ్చు విడదీసి మొదళ్ళ దాకా చూశాను. నలుపే.

“నెరుపు ఆకాశం నుంచి ఊడిపడదు” అందావిడ. “మిగతా రంగులు దాక్కుంటాయి. ఎర్ర రంగు ఉందనుకో, ముత్తాతలో దాక్కుని మునిమనవడిలో తేలుతుంది. నెరుపుకు దాక్కోవడం చేతకాదు. ఒంట్లో ఉంటే బయటపడి తీరుతుంది. పిల్ల నెరిసిందంటే తల్లో తండ్రో, ఒకరు నెరిసే ఉండాలి. అదీ పిల్లలందరికీ రాదు, సగం మందికి వస్తుంది, సగం మందికి రాదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?”

“మరి పుట్టినప్పుడు అంత నల్లగా ఉందే?”

“అందుకే అనుమానించాలి. నల్లగా నిలిచే పిల్ల ఎలుక రంగులో పుడుతుంది, బొచ్చు రాలాక నలుపు తేలుతుంది. కాటుకలా పుట్టిందంటే ముందు కళ్ళ చుట్టూ చూసుకోవాలి. మీవాళ్ళు మొదటి పిల్లని ఇచ్చేశారుగా? కూరగాయల బండికి కట్టిన గుర్రాన్ని ఎప్పుడైనా చూశావా?”

చూశాను. రోజూ చూస్తున్నాను. ఎంత నల్లటి గుర్రం, ఇలాంటిది మనకుంటే బాగుండును అని అన్నయ్యే ఓసారి అన్నాడు. నవ్వు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది.

“మా మహారాణి నలుపే” అన్నాను, గొంతు తగ్గించి.

ఆవిడ తన జుట్టు వైపు వేలు చూపించింది. “నేనూ రంగేస్తాను తల్లీ. జనానికి ఎక్కడ దొరికిపోతానో తెలుసా? పాపిడి దగ్గర.”

ఇంటికి నడుస్తూ నా చేతులు చూసుకున్నాను. మహారాణికి పట్టీలు కట్టి విప్పిన ప్రతిసారీ నా వేళ్ళు నల్లబడేవి. తోలుకు రాసే పాలిష్ అనుకున్నాను ఇన్నేళ్ళూ. ముసలి గుర్రానికీ అవే పట్టీలు కడతాను. దాన్ని ముట్టుకుంటే వేళ్ళు అంత నల్లబడేవి కావు.

ఆదివారం మధ్యాహ్నం సాల తలుపు గడియ పడింది. నేను తట్టలేదు. వెనక గడ్డి వేసే కిటికీలోంచి లోపలికి దిగాను. నాన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గిన్నె, చేతిలో కుంచె. ఇంకా ముంచలేదు. మహారాణి అలవాటైనదానిలా మెడ వంచి నిలబడింది. ఆ గిన్నె నాకు తెలుసు. వంటింట్లో పై అరలో ఉండేది. అమ్మ జుట్టుకీ, నాన్న తలకీ మీసాలకీ అందులోనే కలిపేవాళ్ళు. మహారాణికీ అదేనన్నమాట. ఒకే గిన్నె, ఒకే రంగు, ఇంటిల్లిపాదికీ.

నేను వెళ్ళి మహారాణి మెడ మీద బొచ్చు విడదీశాను. మొదళ్ళు తెల్లగా ఉన్నాయి. ఏదో కొద్దిగా కాదు, పాలలా.

“ఎన్నేళ్ళ నుంచి?” అన్నాను.

“బయటికి పో” అన్నాడు నాన్న. లేవలేదు.

“ఎన్నేళ్ళ నుంచి నాన్నా?”

“కొన్న రెండో ఏటి నుంచి. పన్నెండేళ్ళయింది.” కుంచె వైపు చూస్తూ చెప్పాడు. “అచ్చ నలుపని చెప్పి అమ్మాడు వాడు. నేనూ ఊరంతా చెప్పుకున్నాను. తర్వాత కళ్ళ చుట్టూ మొదలైంది. గుర్రాల్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకే టోపీ పెట్టాడని ఎవరికి చెప్పుకోను? ఈ వారం మెడ, వచ్చే వారం వీపు. అలా గడిచిపోయింది.”

నాకు జాలి వేసింది. పన్నెండేళ్ళు ఒక మనిషి తలుపేసుకుని తన సిగ్గుకు రంగు వేసుకుంటూ కూర్చున్నాడు. కానీ జాలి పడితే సోమవారం ఆగదు.

“మరి మసి చేసిన తప్పేమిటి? ఆ తెలుపు దాని అమ్మ ఇచ్చింది. నీకు తెలుసు. తెలిసీ దాన్ని బట్టీకి తోలుతున్నావు.”

“మసికి రంగు పడదు. పడితే ఉంచేవాణ్ణి.” ఆయన గొంతు పెరిగింది. “కాటికి వెళ్ళే బండికి తెల్ల గుర్రం ఎవరు కడతారే? నవ్వుతారు. బోర్డు పీకి పొయ్యిలో పెట్టుకోవాలి.”

“పెట్టుకుందాం. చలికాలం వస్తోంది.”

నేను గిన్నె లాక్కుని, తలుపు గడియ తీసి బయటి కాలవలో వంపేశాను. నల్ల చార దొడ్డి మధ్యనుంచి సాగి అమ్మ నిలబడిన చోటు దాకా వెళ్ళింది. అమ్మ ఎప్పుడు వచ్చిందో తెలియదు. చెప్పు కాస్త పక్కకు జరుపుకుంది.

“నీకు తెలుసా?” అని అడిగాను.

“కలిపేది ఎవరనుకున్నావు?” అంది అమ్మ. “గుడ్డి గుర్రానికి పళ్ళు తోమినట్టు కలుపుతూనే ఉన్నాను.” అని నాన్న వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న మనసు మారలేదు. రాత్రి అన్నం దగ్గర అన్నయ్యతో బట్టీ ఆయన ఎన్నింటికి వస్తాడని అడిగాడు. నాకు చెప్పాలనే అడిగాడు. సరే అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే మహారాణిని వీధి వైపు దొడ్లో, అందరికీ కనబడే చోట కట్టాను. బొచ్చు కత్తిరించే మిషను తీసుకున్నాను. మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒక చార లాగాను. నల్ల బొచ్చు కుప్పగా రాలింది, కింద తెల్ల గుర్రం బయటపడింది. పాలవాడు సైకిలు ఆపాడు. బడికి వెళ్ళే పిల్లలు గోడెక్కారు. నేను ఆపలేదు. చెవుల వెనకా, మోకాళ్ళ మీదా, కడుపు కిందా, ఎక్కడా వదల్లేదు. మహారాణి ఒకసారి ఒళ్ళు విదిలించి పెద్దగా ఊపిరి వదిలింది. పన్నెండేళ్ళ తర్వాత దాని సొంత రంగు మీద ఎండ పడింది.

అన్నయ్య బ్రష్ నోట్లో పెట్టుకునే బయటికి వచ్చాడు. చూసి బ్రష్ తీశాడు. నురగ గడ్డం మీదకు కారుతోంది.

“ఇదెవరిది?” అన్నాడు. పాపం, వాడికి నిజంగానే తెలియదు.

“మీ మహారాణి.”

అప్పుడే బట్టీ ఆయన తాడు చేత్తో పట్టుకుని వచ్చాడు. లావాటి, నెమ్మదైన మనిషి. మసినీ, మహారాణినీ మార్చి మార్చి చూశాడు.

“ఏది బాబూ నాది? ఏదైనా ఒకటే అనుకో. నాకు రంగుతో పనేముంది, మా బట్టీలో వారానికి అన్నీ ఎర్రబడతాయి.”

“చిన్నది” అన్నాడు అన్నయ్య.

నేను మసి ముందు నిలబడ్డాను. “నెరిసిందనే కదా అమ్ముతున్నావు? అయితే ముందు పెద్దదాన్ని తోలుకుపొమ్మను. దీని నెరుపు దానిది. తర్వాత నన్ను కూడా బండెక్కించు, నేనూ నెరిశాను. ఆ తర్వాత మీరు ముగ్గురూ తలలు కడుక్కుని రండి, ఇంట్లో ఎవరు మిగులుతారో చూద్దాం.”

గోడ మీద పిల్లలు నవ్వారు. బట్టీ ఆయన గొడవలోకి రాలేదు. పెద్ద గుర్రమైతే లాగుడుకు ఇంకా మంచిదనుకున్నాడేమో, తాడు సవరించుకుని మహారాణి మెడ మీద చెయ్యి వేశాడు.

“చెయ్యి తియ్యి” అన్నాడు నాన్న.

గుమ్మంలో నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో. మెట్లు దిగి వచ్చి, రాలిన బొచ్చు తొక్కుతూ మహారాణి దగ్గరికి వెళ్ళాడు. దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. దాన్ని అసలు రంగులో వెలుతురులో చూడడం ఆయనకూ మొదటిసారే అనుకుంటాను.

“బేరం లేదు. నువ్వెళ్ళు” అన్నాడు బట్టీ ఆయనతో. తర్వాత నా వైపు తిరిగాడు. “నీ పంతం నెగ్గింది. తోలుకో, నీ తెల్ల గుర్రాలు నువ్వే తోలుకో. వాటి ముందు మాత్రం నేను నడవను.”

మా బండి ముందు ఇంటిపెద్ద నడవాలి. పొడుగు టోపీ పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని, గుర్రాలు ఆయన అడుగును బట్టి నడిచేలా. తాత అలాగే నడిచాడు. నాన్న ఒక్కరోజు కూడా మానలేదు.

రెండు వారాలు ఎవరూ పిలవలేదు. అన్నయ్య నా వైపు చూసి నిట్టూర్చేవాడు, ఊళ్ళో జనం చావడం మానేశారు, దానికి కారణం నేనే అన్నట్టు. ఆ ఆదివారాల్లో సాల తలుపు తెరిచే ఉంది. గిన్నె మళ్ళీ పై అర ఎక్కలేదు. అమ్మ దాన్ని కోళ్ళకు నీళ్ళు పెట్టడానికి వాడుకుంది.

తర్వాత ఫోను మోగింది. ఎవరో అమ్మాయి, తండ్రి పోయాడు. అందరూ వింటుండగా నేను మాట్లాడాను.

“ముందే చెబుతున్నానండీ. బండి నలుపే, గుర్రాలు మాత్రం తెల్లవి. ఒకటి తెలుపు, ఒకటి బూడిద రంగు. మీకు ఇష్టమైతేనే.”

 అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

“టైముకి వస్తాయా?” అందా అమ్మాయి.

“వస్తాయి.”

“అయితే రండి.”

ఫోను పెట్టి నాన్న వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. ఆయన పన్నెండేళ్ళ ఆదివారాలు పోసి దాచిన రంగు గురించి ఆ పిల్లకు అడగాలని కూడా తోచలేదు. నాకు గెలిచానని అనిపించలేదు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. వెళ్ళి మసికి పట్టీలు సరిచూశాను.

మర్నాడు బండి కట్టాను. ఎడమ వైపు మహారాణి, కుడి వైపు మసి. నాన్న తన గదిలోంచి రాలేదు. నేను పగ్గాలు పట్టుకుని పైన కూర్చున్నాక చూస్తే, ముందు అమ్మ నిలబడి ఉంది. నాన్న నల్ల కోటు వేసుకుంది, చేతులు వేళ్ళ దాకా జారిపోయాయి. కర్ర పట్టుకుంది. పాపిడి వెంట తెల్లటి గీత.

“చూస్తావేమే, తోలు” అంది.

బయల్దేరాం. అమ్మకు ఆ నడక తెలియదు. సంతకు ఆలస్యమైనట్టు గబగబా వేసేస్తోంది. గుర్రాలు ఆమె వెనక పరుగులాంటి నడక అందుకున్నాయి, నేను పగ్గాలు బిగపట్టి లాగుతున్నాను. వీధి మలుపు దాకా కూడా పోలేదు, వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది.

“ఏమిటే ఆ తొందర? పెళ్ళి ముహూర్తం మించిపోతోందా?” నాన్న. రొప్పుతున్నాడు. ఇంట్లో వేసుకునే చొక్కా, కాళ్ళకు హవాయి చెప్పులు. “ఇలా నడిస్తే బండెక్కగానే పోయినాయన లేచి కూర్చుంటాడు. ఇటివ్వు ఆ కర్ర.”

అమ్మ కర్ర ఇచ్చింది. కోటు విప్పి ఆయన భుజాల మీద వేసింది. టోపీ ఇంట్లోనే ఉండిపోయింది. తెస్తానని నేను దిగబోతే ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపి వద్దన్నాడు.

నాన్న మొదటి అడుగు వేసి ఆగాడు, రెండోది వేశాడు. మహారాణి ఆ అడుగును గుర్తుపట్టి మెడ దించింది. దాన్ని చూసి మసి కూడా దించింది. అమ్మ పక్కకు తప్పుకోలేదు, ఆయన పక్కనే నడిచింది. ఎత్తులో కూర్చున్నదాన్ని కాబట్టి నాకు అన్నీ కనిపిస్తున్నాయి. రంగు లేని రెండు ఆదివారాలకే నాన్న నెత్తి మీద మొదళ్ళన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. నేనూ నా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.